సికింద్రాబాదు కళ్ళజోడు, గుల్‌మార్గ్ మంచు

సికింద్రాబాదులో మంచు పడదు. జనవరి తెల్లవారుజామున పరేడ్ గ్రౌండ్స్ మీద కాస్త పొగమంచు దిగితే చాలు, మంకీ క్యాపులు తగిలించుకుని, "అబ్బ, ఏం చలిరా బాబూ!" అంటూ ఇరానీ హోటళ్ళ ముందు గుంపులు కట్టే జనం మనం. అలాంటి ఊళ్ళో కూర్చుని, మంచుకొండల మీద స్కీలు కట్టుకుని జారేవాళ్ళ కళ్ళజోళ్ళ గురించి రాస్తానంటే ఎడిటరుగారు ఓ క్షణం నా మొహంలోకి చూసి, "ముందు మీ కళ్ళజోడు మార్చాలేమో చూపించుకోండి" అన్నారు.

మార్చాను సార్! ఒకసారి కాదు, అయిదేళ్ళలో మూడు రకాలు మార్చాను. ఆ కథే ఇది.

నాకు చూపు ఆనదన్న సంగతి బయటపడింది క్లాక్ టవరు దగ్గర. అప్పుడు నాకు పదేళ్ళు. సినిమాకి ఆలస్యమవుతోందని పరిగెడుతూ, "టైమెంతయిందో చూడరా" అన్నాడు పక్కింటి కుర్రాడు. పైకి చూశాను. టవరుంది, టవరు మీద తెల్లటి గుండ్రటి పళ్ళెం ఉంది. ముళ్ళు మాత్రం లేవు! "గడియారం చెడిపోయింది, ముళ్ళు పీకేశారు" అన్నాను ధీమాగా. వాడు నన్ను ఎగాదిగా చూసి, సినిమా అయ్యాక నేరుగా మా నాన్న దగ్గరికి లాక్కెళ్ళాడు. మూడోరోజుకల్లా ఎస్.డి. రోడ్డులోని ఓ దుకాణంలో నా ముక్కుమీద సులోచనాలు వెలిశాయి. ఆ రోడ్డుని మా తాతగారి తరం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ అనేది. ఎం.జి. రోడ్డు వాళ్ళకి జేమ్స్ స్ట్రీట్. పేర్లు మారాయిగానీ కళ్ళజోడు కావాలంటే ఈ ఊరివాళ్ళ కాళ్ళు ఇప్పటికీ అటే నడుస్తాయి.

కళ్ళజోడు వచ్చాక నేను మొట్టమొదట కళ్ళారా చూసిన ఇంగ్లీషు సినిమా 1999 నాటి బాండ్ చిత్రం "ద వరల్డ్ ఈజ్ నాట్ ఎనఫ్". ఇప్పుడు లేని సంగీత్ థియేటర్లో చూశానని నా జ్ఞాపకం. పియర్స్ బ్రాస్నన్ మంచులో స్కీలమీద జారుతోంటే వెనక నుంచి శత్రువులు ఎగిరే బళ్ళల్లో వచ్చి బాంబులు వేస్తుంటారు. హాలంతా ఈలలు. నాకు మాత్రం ఒకటే అనుమానం. ఈయనగారికి నాలాగా మైనస్ పవరుంటే ఏం చేసేవాడు? మన సినిమాల్లో దీనికి జవాబు దొరకదు. మంచులో డ్యూయెట్ పాడే మన హీరోయిన్‌కి స్వెట్టరే ఉండదు, కళ్ళజోడెక్కడిది! కళ్ళజోడున్న పాత్ర అంటే లైబ్రేరియనో, సైంటిస్టో, లేకపోతే హాస్యానికి పెట్టిన సోడాబుడ్డి స్నేహితుడో.

మొదటి గుల్‌మార్గ్

2019 ఫిబ్రవరిలో కాస్త డబ్బు చేతిలో ఆడితే గుల్‌మార్గ్ వెళ్ళాను. శ్రీనగర్ నుంచి యాభై కిలోమీటర్ల దూరం. తంగ్‌మార్గ్ దాటాక దేవదారు చెట్ల మధ్య మెలికలు తిరిగే ఘాటు రోడ్డు. పైకి చేరితే సముద్రమట్టానికి దాదాపు 2,650 మీటర్ల ఎత్తున గిన్నెలా పరుచుకున్న తెల్లటి మైదానం. సినిమా పిచ్చి ఉన్నవాడికి అది పుణ్యక్షేత్రం. 1973 నాటి "బాబీ"లో రిషికపూర్, డింపుల్ చిక్కుకుపోయిన గది ఉన్నది ఇక్కడే. "ఆప్ కీ కసమ్" (1974)లో రాజేష్ ఖన్నా, ముంతాజ్ చిందులేసిన మహారాణీ గుడి మెట్లూ ఇక్కడివే. ఆ రెంటికీ దణ్ణం పెట్టుకుని స్కీలు అద్దెకి తీసుకున్నాను.

కళ్ళకి ఏం తీసుకెళ్ళానంటారా? ముక్కుమీద రోజూ పెట్టుకునే జోడు. కుడికన్ను మైనస్ నాలుగున్నర, ఎడమది మైనస్ నాలుగుంబావు. జేబులో స్టేషన్ ముందు ఫుట్‌పాత్ మీద నూట యాభైకి బేరమాడి కొన్న నల్లకళ్ళద్దాలు. వాటికి పవరు లేదు, స్టైలుంది.

స్కీలతోపాటు అద్దెకిచ్చిన గాగుల్స్ నా కళ్ళజోడు మీద కూచోలేదు. బలవంతంగా అదిమితే జోడు వెళ్ళి ముక్కులో దిగబడింది. అయినా అలాగే కట్టుకుని నాలుగు అడుగులు వేశానో లేదో లోపల ఆవిరి పట్టేసింది. గాగుల్స్ అద్దానికి ఒక పొర, నా అద్దానికి ఇంకో పొర! జూలై నెలలో ఏసీ హాల్లోంచి బయటికొచ్చిన క్షణాన కళ్ళజోడు తెల్లబడుతుందే, అదే తంతు. కాకపోతే అక్కడ బయటిగాలిలోని తేమ చల్లటి అద్దానికి పడుతుంది, ఇక్కడ మన ఊపిరీ చెమటా పడతాయి. మాస్కు కట్టుకుని తిరిగిన 2020 సంవత్సరం తర్వాత ఈ విషయం కళ్ళజోడు జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పటికి నాకు తెలీదు.

గాగుల్స్ తీసేశాను. ఉత్త కళ్ళజోడుతో పొద్దుటంతా జారాను. పన్నెండింటికి బోర్లా పడ్డాను. లేచేసరికి ఒక కమ్మీ వంకరపోయి ఓ అద్దం ఊడి మంచులో కలిసిపోయింది. తెల్లటి మంచులో పారదర్శకమైన అద్దం వెతకడం ఎలా ఉంటుందో ఊహించుకోండి… అందులోనూ వెతికేవాడికి కళ్ళు కనబడకపోతే! మధ్యాహ్నం నల్లకళ్ళద్దాలు తగిలించుకుని గుడ్డిగా ఇంకో రెండు గంటలు గడిపాను. ఇచ్చిన డబ్బు వసూలు కావద్దూ?

ఆ రాత్రి పదింటికి కళ్ళలో గుప్పెడు ఇసుక కొట్టినట్టు మంట. దీపం చూడలేను, కళ్ళు మూయలేను. నీళ్ళు ధారలు. హోటలు కుర్రాడు చల్లటి తడిగుడ్డ తెచ్చి కళ్ళమీద వేసి, "బర్ఫ్ లగ్ గయా సాబ్" అన్నాడు. మర్నాడు డాక్టరు చూసి చుక్కలమందిచ్చి, గది చీకటి చేసుకుని పడుకోమన్నాడు. దీన్ని మంచు అంధత్వం అంటారు. ఎండకి ఒళ్ళు కమిలినట్టే కంటి పైపొర కమలడం. కొత్తగా పడిన మంచు తనమీద పడే అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. పైగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ ఆ కిరణాలు సుమారు పదిశాతం పెరుగుతాయి. తగిలేటప్పుడు ఏమీ తెలియదు. నాలుగు గంటలకో, పన్నెండు గంటలకో బయటపడుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గడం అదృష్టం. ఫుట్‌పాత్ అద్దం ఆ కిరణాల్ని ఎంత ఆపిందో దేవుడికెరుక. నలుపు వేరు, రక్షణ వేరు. నల్లటి అద్దం వెనక కంటిపాప ఇంకా విచ్చుకుంటుంది. అద్దం కిరణాల్ని ఆపేది కాకపోతే తలుపు బార్లా తీసి దొంగని పిలిచినట్టే!

మూడోరోజు తిరుగు ప్రయాణం. అఫర్వత్ శిఖరం ఎలా ఉంటుందని ఇంట్లోవాళ్ళడిగితే, "తెల్లగా ఉంటుంది" అన్నాను. అంతకంటే నాకేమీ తెలీదు.

ఎస్.డి. రోడ్డు మీద పంచాయితీ

ఈ పరాభవం నేను మరిచిపోయేవాణ్ణే. 2023 చివర్లో మారేడుపల్లి నుంచి మా పిన్ని కూతురు వచ్చి కూచుంది. డిగ్రీ ఆఖరు సంవత్సరం. గుల్‌మార్గ్‌లో రెండు వారాల స్కీ కోర్సుకి సీటు తెచ్చుకుంది. డబ్బు ట్యూషన్లు చెప్పి తనే కూడబెట్టింది. మొహం మాత్రం వేలాడేసుకుని ఉంది.

"అన్నయ్యా, నేను మానేస్తున్నాను."

"ఏమే?"

"నాకు మైనస్ ఆరు కదా. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి స్కీయింగ్ కుదరదట. కాలేజీలో అందరూ అదే అంటున్నారు. అమ్మయితే నీ పేరే చెప్తోంది… వాడు గుడ్డివాడై తిరిగొచ్చాడు, నువ్వూ వెళ్తావా అని."

నాకు చురుక్కుమంది. నా తెలివితక్కువతనం ఇంకొకరి దారికి అడ్డంగా పడటమా! మలావత్ పూర్ణ అనే నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన నేల ఇది. మనవాళ్ళకి మంచు కొత్త అయితే కావచ్చు, నిషేధం కాదు. "పద" అన్నాను. "కుదురుతుందో కుదరదో దుకాణంలో తేల్చుకుందాం."

ఎస్.డి. రోడ్డులో మా కుటుంబానికి పాతికేళ్ళుగా అద్దాలు కోసిపెడుతున్న పెద్దాయనొకాయన ఉన్నాడు. జీవితంలో మంచు చూడలేదు. "ఏం సార్, మంచుల జారనీకి అద్దాలా? మా తాన గాగుల్స్ దొరకయ్. మీరు తెచ్చుకోండ్రి, లోపల పవరు నేను కట్టిస్త" అన్నాడు. సికింద్రాబాదు కంటోన్మెంటు ఊరు కదా, ఎక్కడెక్కడి మంచుకో పోస్టింగు పడిన ఆఫీసర్లు వెళ్ళేముందు ఆయన దగ్గరే రెండో జోడు కట్టించుకుంటారట. అద్దాల పని ఆయనకి తెలుసు, మంచు సంగతి నాకు తెలుసు. ఇద్దరి తెలివీ కలిస్తే ఒక మనిషి తెలివయింది.

మొదటిది, కళ్ళజోడు మీదనే పెట్టుకునే గాగుల్స్. వీటిని ఓటీజీ అంటారు. మామూలు వాటికంటే లోతుగా ఉంటాయి. పక్కల నురగమెత్తలో కళ్ళజోడు కమ్మీలు దూరడానికి గాడి ఉంటుంది. పైన ఓటీజీ అని ముద్ర ఉన్నంతమాత్రాన ప్రతి జోడూ పట్టదు. పెద్దాయన స్కేలు తీసుకుని మా చెల్లి ఫ్రేము ఈ చివరినుంచి ఆ చివరికి కొలిచాడు. "ఈ వెడల్పు ఫ్రేము కడితే రెండు మూలలు ఒత్తుతయ్ బిడ్డా. చిన్న గుండ్రం ఫ్రేము, పల్చటి కమ్మీలు, ప్లాస్టిక్‌ది పెట్టు" అన్నాడు. లోహపు ఫ్రేము చలికి చెంపకంటుకుంటే మంట పుడుతుందని నేను కలిపాను. అద్దం మాత్రం గాజు వద్దేవద్దు. పాలీకార్బొనేట్ కావాలి. పడితే పగిలి కంట్లో గుచ్చుకోదు, అతినీలలోహిత కిరణాల్ని కూడా తనంతట తానే ఆపుతుంది.

ఈ గాగుల్స్‌లో ఆవిరి బెడదకి మొదటి మందు కనిపెట్టినవాడు ఓ పళ్ళ డాక్టరు అంటే నమ్ముతారా? అమెరికాలో యూటా రాష్ట్రపు బాబ్ స్మిత్. వంకర పళ్ళు సరిచేసే వైద్యుడు, స్కీ పిచ్చోడు. 1965లో రెండు అద్దాల మధ్య గాలి బంధించి, చుట్టూ గాలాడే నురగ పెట్టి గాగుల్స్ తయారుచేశాడు. బయటి అద్దం చల్లగా ఉన్నా లోపలిది వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆవిరి తొందరగా పట్టదు. ఈ రోజుకీ మంచి గాగుల్స్ అన్నీ అదే సూత్రం. ఇప్పుడు బ్యాటరీతో తిరిగే బుల్లి ఫ్యాన్ ఉన్నవి కూడా వచ్చాయి. అయితే గాగుల్స్‌ని కాపాడే రెండద్దాల కిటుకు లోపల ఉన్న మన ఒంటద్దపు కళ్ళజోడుని కాపాడదు. ఓటీజీకున్న అసలు కష్టం అదే.

రెండోది ఇన్సర్ట్. గాగుల్స్ లోపల బిగించుకునే కమ్మీల్లేని బుల్లి ఫ్రేము. పెద్దాయన దాన్ని వేళ్ళతో వంచి చూసి, "ఇది కళ్ళజోడుకే కడుపు" అన్నాడు నవ్వుతూ. ఖాళీ ఇన్సర్టు తెప్పించుకుంటే పవరు అద్దాలు మన ఊరి దుకాణంలోనే కోయించుకోవచ్చు. చెవుల మీద కమ్మీలుండవు, హెల్మెట్ కింద కణతలు నొప్పెట్టవు. చిక్కల్లా ఆ ఫ్రేము కంటికి ఎంత దూరాన కూచుంటుందన్నది. ఎక్కువ పవరున్నవాళ్ళకి నాలుగు మిల్లీమీటర్లు అటో ఇటో అయినా తేడా తెలుస్తుంది. నల్లపాపల మధ్య దూరం కొలిచి, అద్దాల కేంద్రాలు సరిగ్గా కుదర్చాలి. గాగుల్స్‌తో సహా దుకాణానికి వెళ్ళడం ఇందుకే.

గాగుల్స్ పై అద్దాన్నే పవరుతో చేయించుకునే మార్గం కూడా ఉంది. విదేశాల్లో కొన్ని కంపెనీలు చేస్తాయి. ధర వింటే కళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. చెల్లి ట్యూషన్ డబ్బులకి అది అందదు, నా రాతకూలికీ అందదు. పవరున్న నల్లకళ్ళద్దాలా? ఎండరోజున కొండకింద తిరగడానికి బాగుంటాయి. వేగంగా జారితే పక్కలనుంచి గాలి కొట్టి కళ్ళు నీళ్ళతో నిండుతాయి. మైనస్ ఆరు లాంటి పవరుని చుట్టేసే వంపు ఫ్రేములో పెడితే అంచుల్లో లోకం వంకరగా కనబడుతుంది. ఎండకి రంగు మారే అద్దాలున్నాయిగా అన్నది మా చెల్లి. చలిలో అవి ఇంకా ముదురుతాయి, మళ్ళీ తేటపడటానికి బద్ధకిస్తాయి. ఎండలోంచి చెట్లనీడలోకి జారినప్పుడు ఆ బద్ధకమే ప్రమాదం.

బేరమాడుతుంటే పెద్దాయన కౌంటరు మీద గీతపడ్డ పాత లెన్సు ఒకటి కనబడింది. రోనాల్డ్ రాస్ గుర్తొచ్చాడు. 1897 ఆగస్టు 20న ఈ సికింద్రాబాదులోనే, బేగంపేటలో కూచుని దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నవాడు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయని, మిగిలిన ఒక్క ఐపీసూ బీటలు వారిందని ఆయనే రాసుకున్నాడు. పగిలిన అద్దంతో ఆయన దోమ కడుపులో చూడగలిగితే, మంచి అద్దంతో మేం కొండ చూడలేమా అన్నాను. "బేరం తగ్గించనీకి మస్తు కథలు చెప్తున్నరు సార్" అన్నాడు పెద్దాయన.

కంట్లో పెట్టుకునే జోడు

మూడోది కాంటాక్ట్ లెన్సు. చెల్లికి భయం. "కంట్లో గడ్డకట్టి అతుక్కుపోతాయట కదా?" అంది. ఇదీ కాలేజీ పాండిత్యమే. కంటి వేడి, కన్నీటి తడి ఉండగా లెన్సు గడ్డకట్టదు. లెన్సు నానే నీళ్ళు మాత్రం డబ్బీలో గడ్డకడతాయి, అది వేరే సంగతి.

కంటి డాక్టరు పరీక్షించి చెల్లికి ఒక్కరోజు వాడి పారేసే మెత్తటి లెన్సులు రాశారు. కళ్ళజోడులో మైనస్ ఆరు కదా, లెన్సు చీటీలో మైనస్ అయిదున్నర అని ఉంది! "తప్పు రాశారేమో" అని కంగారుపడింది. తప్పు కాదు. కళ్ళజోడు కంటికి పన్నెండు మిల్లీమీటర్ల దూరాన ఉంటుంది, లెన్సు కంటిమీదే కూచుంటుంది. అంచేత మైనస్ పవరు ఎక్కువయ్యేకొద్దీ లెన్సు నంబరు తగ్గించాలి. కళ్ళజోడు చీటీ చూసి సొంతంగా లెన్సులు కొనుక్కోకూడదన్నది అందుకే. నా వంతు వచ్చినప్పుడు డాక్టరు తల అడ్డంగా ఊపారు. రోజంతా కంప్యూటర్ ముందు రాసి రాసి కళ్ళు పొడిబారాయి, కొండమీద పొడిగాలికి లెన్సులు నీకు పడవన్నారు. నాకు ఇన్సర్టే గతి అయింది.

సినిమా పాఠకులకి ఇక్కడో మాట చెప్పకుండా ఉండలేను. "మిస్సమ్మ" (1955) తీసిన ఎల్.వి. ప్రసాద్‌గారు మీకు తెలుసు. ఏలూరు దగ్గర పల్లెటూరినుంచి బొంబాయి వెళ్ళి, 1931లో తొలి హిందీ టాకీ "ఆలం ఆరా"లో చిన్న వేషం వేసిన మనిషి. ఆయన కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళంతోనే డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో బంజారాహిల్స్‌లో మొదలైంది. తెరమీద బొమ్మ చూపించినాయన పేరుమీద, ఆ బొమ్మ చూడటానికి కావలసిన కళ్ళ ఆసుపత్రి!

మెత్తటి లెన్సు పుట్టుక కూడా సినిమా కథే. చెకోస్లొవేకియా రసాయన శాస్త్రవేత్త ఒట్టో విక్టర్లే 1961 క్రిస్మస్ నాడు ఇంట్లో వంటబల్ల మీద, పిల్లల ఆట ఇనపముక్కలూ సైకిలు డైనమో కలిపి యంత్రం కట్టి మొదటి లెన్సులు తీశాడు.

లేజరు చేయించుకుంటే పీడా విరగడవుతుంది కదా అంటారు కొందరు. చేయించుకోవచ్చు, డాక్టరు సరేనంటే. అయితే ప్రయాణానికి వారం ముందు కాదు, కన్ను పూర్తిగా మానాక. లేజరు రాకముందు కత్తితో కంటిపొర మీద గీతలు పెట్టే పాత ఆపరేషన్ ఒకటుండేది. అది చేయించుకున్న అమెరికన్ డాక్టరు బెక్ వెదర్స్‌కి 1996లో ఎవరెస్టు మీద ఎత్తు పెరిగేకొద్దీ చూపు పోయింది. తుఫానులో చచ్చాడనుకుని వదిలేస్తే లేచి నడిచొచ్చాడు. 2015 నాటి "ఎవరెస్ట్" సినిమాలో జాష్ బ్రోలిన్ వేసిన వేషం ఆయనదే. మళ్ళీ ఆ సినిమా చూస్తే ఈసారి ఆ కళ్ళని గమనించండి.

లోయర్ ట్యాంక్‌బండ్ హిమాలయం

సరుకు వచ్చింది. పరీక్షించడం ఎక్కడ? లోయర్ ట్యాంక్‌బండ్‌లో, ఇందిరా పార్కుకి ఎదురుగా, 2004 నుంచి ఉన్న స్నో వరల్డ్‌లో. లోపల సున్నాకి అయిదు డిగ్రీలు దిగువ. జనవరి 2024లో ఓ బుధవారం ఇద్దరం వెళ్ళాం. వాళ్ళిచ్చిన కోట్లు, బూట్లు తొడుక్కుని, పైన మా గాగుల్స్ కట్టుకుంటే ఓ కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "అంకుల్, షూటింగా?" అన్నాడు. అంకుల్ అన్నందుకు సగం, షూటింగ్ అన్నందుకు సగం ఉప్పొంగాను.

మొదటి విడత చెల్లి కళ్ళజోడుమీద ఓటీజీ కట్టింది. పావుగంట బాగానే ఉంది. చలేసి మఫ్లరు ముక్కుమీదికి లాక్కోగానే ఊపిరంతా పైకెళ్ళి లోపలి జోడు తెల్లబడింది. మఫ్లరు గాగుల్స్ కిందికి దూర్చకూడదన్న పాఠం అక్కడ నేర్చుకున్నాం. ఆవిరి పట్టగానే గాగుల్స్ నుదుటిమీదికి తోసింది. నుదుటి చెమట ఎక్కి ఇంకా పాడయింది. లోపలి అద్దాన్ని మఫ్లరుతో రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆవిరి పట్టకుండా పూసే పూత ఉండేది అక్కడే. తడిమీద రుద్దితే గీతలుపడి పూతపోతుంది. ఒత్తి ఆరనివ్వాలి, లేదా ఆగకుండా కదులుతూ గాలి ఆడనివ్వాలి. నా ఇన్సర్టు కూడా మొదటి పది నిమిషాలు మసకబారింది, తర్వాత ఒంటివేడికి తేరుకుంది. కనురెప్పల వెంట్రుకలు మాత్రం అద్దానికి తగిలి చిరాకు పెట్టాయి. మర్నాడు పెద్దాయన ముక్కు దగ్గర ఓ రబ్బరు ముక్క అంటించి ఆ తగువు తీర్చాడు.

వారం తర్వాత చెల్లి లెన్సులతో మళ్ళీ వెళ్ళింది. ఈసారి గాగుల్స్ లోపల ఆవిరి పట్టడానికి కళ్ళజోడే లేదు. బయటికి వచ్చాక నాతో ఒక్కటే అంది. "అన్నయ్యా, పక్కలు కూడా కనబడుతున్నాయి!" కళ్ళజోడు మనుషులకి ఫ్రేము దాటితే లోకం మసక. పక్కనుంచి ఎవరు జారి వస్తున్నారో చూడాల్సిన చోట ఆ 'పక్కలు' ఎంత విలువైనవో మీరే ఆలోచించండి. అంతలోనే నేను నీళ్ళు చల్లాను. ఇక్కడ ఎండలేదు, ఈదురుగాలి లేదు, ఎత్తు లేదు. స్నో వరల్డ్ పాసయితే సగం పరీక్ష పాసయినట్టే. చివరికి తేలింది ఇది. పగలు లెన్సులూ పైన ఓటీజీ. లెన్సు జారినా కళ్ళు ఎర్రబడినా, అదే ఓటీజీ కింద పెట్టుకోవడానికి చిన్న ఫ్రేము జోడు సంచీలో. రాత్రి ఎంత నిద్రొచ్చినా లెన్సులతో పడుకోకూడదు.

ఈసారి కనిపించిన కొండ

ఆ యేడు జనవరిలో చాలా రోజులు గుల్‌మార్గ్‌లో మంచు పడలేదు. బోడి మైదానం ఫొటోలు పేపర్లలో చూసి పిన్ని లోలోపల సంతోషించింది. ఫిబ్రవరిలో బాగా పడింది. చెల్లి కోర్సు ఆఖరు వారానికి నేనూ వెళ్ళాను.

తను చెప్పిన మొదటి సంగతి, కంగ్డీ పక్కలోనే లెన్సుల పొట్లాలు పెట్టుకుని పడుకుంటున్నానని! వణికిపోయాను. నిప్పుల పక్కన కాదట, దుప్పటి లోపల, తలగడ కింద. రేపటి పొట్లాలు బల్లమీద వదిలేస్తే లోపలి నీళ్ళు గడ్డకడుతున్నాయి. పొద్దున్నే వేళ్ళు కొయ్యబారి రెండుసార్లు లెన్సు కిందపడింది. ఎక్కువ పొట్లాలు తెచ్చుకుంది కాబట్టి సరిపోయింది. మూడోరోజు కన్ను ఎర్రబడితే లెన్సు జోలికి పోకుండా ఓటీజీ కింద కళ్ళజోడుతో ఆ పూట గడిపింది. "ఆవిరి పట్టింది, కానీ ఆగి ఆరబెట్టుకున్నా" అంది. ఉస్తాద్ మొదటిరోజే తన చిన్న ఫ్రేము చూసి, "చష్మా హై తో క్యా హువా బేటీ, ఆంఖ్ తో హై" అన్నాడట.

మబ్బు పట్టిన రోజు ఇంకో పాఠం. ఆకాశం, నేల ఒకే తెలుపు. ఎగుడేదో దిగుడేదో తెలియదు. ముదురు అద్దం పెడితే పాతాళం. నా గాగుల్స్‌కి పసుపు అద్దం మార్చాను. మిట్టల నీడలు లేచి నిలబడ్డాయి. అద్దాలకి సున్నా నుంచి నాలుగు దాకా తరగతులున్నాయి. మూడో తరగతి వెలుతురులో 8 నుంచి 18 శాతమే లోపలికి వదులుతుంది, అది ఎండరోజుకి. మబ్బురోజుకి ఒకటో తరగతి, పసుపో గులాబీనో. రెండూ ఉండాలి, ఒకటే కొనగలిగితే రెండో తరగతి. మెరుపుని చంపే పోలరైజ్డ్ అద్దాల మీద కొండమీదే తగువులున్నాయి. కంటికి హాయి అని కొందరంటారు, గడ్డకట్టిన ఐసు మెరుపే మనకి హెచ్చరిక కదా, దాన్ని చంపితే ఎలా అని కొందరు. నన్నడిగితే రెండోవాళ్ళ పక్షం.

ఇవేవీ లేని కాలంలో ఉత్తర ధ్రువం ఎస్కిమోలు ఎముకకీ కర్రకీ సన్నటి చీలిక కోసి కళ్ళకి కట్టుకునేవారు. మంచు మెరుపు ఆగేది, పైగా సన్నటి సందులోంచి చూస్తే చూపు ఆననివాడికి కూడా కాస్త స్పష్టంగా కనబడుతుంది. మనం కళ్ళజోడు మరిచిపోయిన రోజున సినిమా హాల్లో గుప్పిట సందులోంచి తెరని చూస్తామే, అదే విద్య!

ఆఖరు రోజు తేటగా తెల్లవారింది. గండోలా ఎక్కి కాంగ్‌డూరి, అక్కడినుంచి రెండో విడతలో అఫర్వత్ భుజం దాకా వెళ్ళాం. దాదాపు 3,980 మీటర్లు. ఉత్తరాన దూరంగా నంగా పర్బత్, 8,126 మీటర్ల తెల్లటి గోడ. ఒక్కో గీత, ఒక్కో నీడ విడివిడిగా. అయిదేళ్ళ క్రితం ఇదే దిక్కున నేను చూసిందేమిటో తెలుసుకుందామని గాగుల్స్ ఒక్క క్షణం పైకెత్తాను. తెల్లటి పళ్ళెం, ముళ్ళు లేని గడియారం… చటుక్కున దించేశాను.

చెల్లి మాట్లాడలేదు. స్కీలమీద నిలబడి హెల్మెట్టు, నారింజరంగు గాగుల్స్‌తో ఫొటో తీయించుకుని, సిగ్నలు దొరికినచోట పిన్నికి పంపింది. అయిదు నిమిషాల్లో ఫోను మోగింది.

"మొహమే కనబడటం లేదు, ఏ పిల్లో ఏమిటో! సంబంధాలవాళ్ళు ఫొటో అడుగుతున్నారు, ఇదెలా పంపనే?"

"ఇదే పంపమ్మా" అంది చెల్లి. "కళ్ళజోడు కూడా కనబడటం లేదుగా."